కొప్పులోని మేకు, కాలేయంలోని మచ్చ

నా ఆరోగ్యాన్ని గురించి నలుగురిలో మాట్లాడడం నాకు ఇష్టం ఉండదు. ఉద్యోగం చేసిన కాలమంతా సెలవు పత్రంలో "అస్వస్థత" అన్న ఒక్క మాటతో సరిపెట్టినదాన్ని. అంతకంటె ఎక్కువ వ్రాసిన ఉపాధ్యాయినులను పిలిచి మందలించినదాన్ని కూడా. అటువంటి నేను ఇప్పుడు ఇంత దీర్ఘంగా వ్రాయడానికి కూర్చున్నానంటే, గండం గడిచింది కనుక. గడిచిన తరువాత కూడా మనస్సు అప్పుడప్పుడు ఆ ఆసుపత్రి హాలులోకే వెళ్ళి కూర్చుంటున్నది కనుక. వ్రాస్తే లేచి వస్తుందని ఆశ.

మరొక సంగతి. మూత్రపిండాలు బలహీనమై, దానిపైన కాలేయంలో మచ్చ ఉందని విని, ఏ పరీక్షకు వెళ్ళాలో తెలియక బెంగపడుతున్నవారు మన జిల్లాలో ఉంటారు. వారి పక్కన కూర్చుని చెప్పినట్లు చెబుతాను. వైద్యం చెప్పను, అది నా అధికారంలో లేదు. నాకు జరిగినదానిని మాత్రం వరుస తప్పకుండా చెబుతాను.

జూన్

మా కాపురం చిత్తూరులో. బాలికల ఉన్నత పాఠశాలలో విజ్ఞానశాస్త్రం బోధించి, ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేశాను. మా వారు మునిరత్నంగారు పలమనేరులో పాలశీతలీకరణ కేంద్రంలో పనిచేసి నాకంటె ముందే విశ్రాంతి తీసుకున్నారు. ఆయన హాస్యప్రియులు, నేను కాను. ఇంట్లో ఈ పని విభజన ఇన్నేళ్ళూ చక్కగానే సాగింది.

రక్తపోటు వల్ల నా మూత్రపిండాలు కొంతకాలంగా నీరసించాయి. వాటి వెంట రక్తహీనత వచ్చింది. మేడమెట్లు ఎక్కి మధ్యలో ఆగడం, పోపు వేస్తూ గోడకు ఆనుకోవడం అలవాటయ్యాయి. మామూలు తనిఖీలో భాగంగా కడుపు స్కానింగు చేయించమన్నారు. ఆ గదిలో పడుకున్నప్పుడు, నా కుడి పక్కటెముకల కింద తిరుగుతున్న పనిముట్టు ఒకేచోట నిలిచిపోయింది. కొంచెం జరిగింది, మళ్ళీ అక్కడికే వచ్చింది. జీవితమంతా పరీక్ష పత్రాలు దిద్దినదాన్ని. కలం ఒకచోట ఆగితే అక్కడ ఏదో తప్పు ఉన్నట్లేనని నాకు వేరుగా ఎవరూ చెప్పనక్కరలేదు.

"కాలేయంలో చిన్న మచ్చ ఉందమ్మా. ఏమిటన్నది ఇక్కడ తేలదు. తిరుపతికి వెళ్ళండి," అన్నారు.

మామిడికాయల కాలం అది. గుజ్జు కర్మాగారాల ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి. తిరుపతి దారి పొడవునా పండిన కాయల వాసన. మా వారు కారు నడుపుతూ ప్రతి లారీ మీదా ఒక హాస్యోక్తి విసురుతూ వచ్చారు. నేను ఒక్కదానికీ నవ్వలేదు. సగం దారి అయ్యేసరికి ఆయన వద్ద కూడా సరుకు అయిపోయింది.

తిరుపతిలో మమ్మల్ని చూసిన వైద్యురాలు చిన్న వయస్సు అమ్మాయి. మాట నెమ్మది. కాగితాలన్నీ చదివిన తరువాతే తల ఎత్తింది. ఆ ఒక్క లక్షణానికే నేను ఆమెను సగం నమ్మాను.

"మామూలుగా ఇలాంటి మచ్చను చూడాలంటే నరంలోకి ఒక మందు ఎక్కించి స్కానింగు తీస్తామమ్మా. లోపలి భాగాలు విడివిడిగా కనబడతాయి. కానీ ఆ మందులు మూత్రపిండాల గుండానే బయటికి పోవాలి. మీ మూత్రపిండాల మీద ఆ బరువు పెట్టడం నాకు ఇష్టం లేదు. వేరే దారి ఒకటి ఉంది. రక్తహీనతకు మీకు ఎలాగూ ఇనుము ఎక్కించాలి. ఆ ఇనుములోనే ఒక రకం ఉంది. అది అయస్కాంత స్కానింగులో, అంటే ఎం.ఆర్.ఐ.లో, కూడా పనికి వస్తుంది."

"ఏ రూపంలో ఉంటుంది?" అని అడిగాను.

"ఇనుప ఆక్సైడు. కంటికి ఆనని నలుసులు. ఒక్కొక్క నలుసు చుట్టూ చక్కెర వంటి పూత ఉంటుంది."

"అంటే తుప్పు."

ఆమె మొదటిసారి నవ్వింది. "తుప్పుకు దగ్గరి చుట్టమేనమ్మా. బాగా శుభ్రమైన చుట్టం."

తరువాత ఆమె చెప్పిన దానిని నాకు అర్థమైనంతలో ఇక్కడ ఉంచుతున్నాను. కాలేయంలో రక్తాన్ని ఊడ్చి శుభ్రం చేసే కణాలు ఉంటాయట. ఈ నలుసులు రక్తంలో చేరగానే అవి చెత్త అనుకుని మింగివేస్తాయి. మింగిన చోటల్లా చిత్రంలో నల్లగా వస్తుంది. ఇనుము ఎక్కించక ముందు ఒకసారి, ఎక్కించిన మరునాడు ఒకసారి చిత్రం తీసి రెండింటినీ పోల్చి చూస్తారు. మచ్చలో కూడా ఆ కణాలే ఉంటే మచ్చ కూడా నల్లబడి చుట్టూ ఉన్న కాలేయంలో కలిసిపోతుంది. అప్పుడు అది కాలేయంలో భాగమే, కొంచెం వంకరగా పెరిగిందంతే.

"నల్లబడకపోతే?" అని మా వారు అడిగారు.

"చుట్టూ నల్లగా అయి, అది ఒక్కటి తెల్లగా మిగిలితే, ఊడ్చేవాళ్ళు అక్కడ లేరని అర్థమండీ. అప్పుడు సూదితో ముక్క తీసి పరీక్షించాలి."

క్యాన్సర్ అన్న మాట ఆమె పలకలేదు. మేమూ పలకలేదు. నలుపైతే మంచిది, తెలుపైతే కాదు. అంత పెద్ద విషయాన్ని అంత చిన్న మాటలో పెట్టుకుని ఇంటికి వచ్చాము.

ఆ మందు కొందరికి పడదనీ, అందువల్ల నెమ్మదిగా, కళ్ళ ముందు కూర్చోబెట్టుకుని ఎక్కిస్తామనీ, అందరికీ ఇది తగిన దారి కాదనీ కూడా ఆమె స్పష్టంగా చెప్పింది. చదివేవారు ఈ వాక్యాన్ని దాటవేయవద్దని నా మనవి.

జులై

సంగతి తెలిసి మా వారి అక్కగారు మునెమ్మ కార్వేటినగరం నుంచి వచ్చింది. మేము రమ్మనలేదు. ఆమె రాకకు ఆహ్వానం అవసరమని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

మా వదినకూ నాకూ పెళ్ళినాటి నుంచి పొత్తు కుదరలేదు. నా వంటింట్లో డబ్బాల మీద పేర్లు వ్రాసి ఉంటాయి. ఆమె దిగిన మరునాటికే మిరియాల డబ్బాలో మెంతులు, మెంతుల డబ్బాలో ఆమె తెచ్చిన ఏదో వేరు చేరాయి. అడిగితే, "తినేది నోరా, డబ్బానా? నోటికి తెలుస్తాదిలే," అన్నది.

ఇనుము ఎక్కిస్తారన్న మాట ఆమెకు చెప్పవద్దని మా వారిని కోరాను. ఆయన భోజనాల దగ్గరే చెప్పేశారు.

"తుప్పా? ఒంట్లోకా?" వదిన చేతిలో ముద్ద ఆగిపోయింది. "గుండిగకి తుప్పు పడితేనే పారేస్తామే, మనిషికి ఎక్కిస్తారా?"

"అక్కా, మా టీచరమ్మ ఇన్నేండ్లు పిల్లోళ్ళకి తుప్పు పాఠం చెప్పింది గదా. ఇప్పుడా తుప్పొచ్చి ఈమెకి పాఠం చెప్తాదంట!" అన్నారు మా వారు.

"నవ్వులాటా నీకు? పెండ్లాం ఎండిపోయి ఉంటే నవ్వులాటా?" అని తమ్ముణ్ణి కసిరి, వదిన నా వైపు తిరిగింది. "సరోజా, నా మాట విను. తలనీలాలు ఇస్తానని కొండకి మొక్కుకో. అంతా సర్దుకుంటాది."

"మొక్కుతో మచ్చ రంగు మారదు వదినా."

"మారనీ, మారకపోనీ. మొక్కుకుంటే నీదేం పోతాది? వెంట్రుకలే గదా!"

"నా తల నా ఇష్టం. ఈ విషయంలో ఇంకెవరూ మాట్లాడనవసరం లేదు."

పాఠశాలలో ఆ స్వరానికి వరండా అంతా నిశ్శబ్దమయ్యేది. వదిన నిశ్శబ్దం కాలేదు. చదువుకున్నవాళ్ళ పొగరు గురించి కొంత, మా పుట్టింటివారి గురించి కొంత అన్నది. నేనూ బదులు చెప్పాను. అప్పుడు మా వారు కంచం ముందు నుంచి లేచారు.

"ఇద్దురూ నోర్లు మూయండి! మచ్చ నల్లబడతాదో లేదో తెలీక నేనీడ సస్తా ఉంటే, మీకు వెంట్రుకలు కావాల్సి వచ్చినాయా? నాకు బయంగా ఉండాది. తెలిసిందా? బయంగా ఉండాది."

ఆయన గొంతు పెంచడం నేను వినలేదు, అంతకుముందు ఎన్నడూ. వదిన కూడా విని ఉండదు. ఆయన పెరట్లోకి వెళ్ళి కరివేపాకు చెట్టు దగ్గర నిలబడ్డారు. మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని చల్లారిన అన్నం తిన్నాము. కొంతసేపటికి వదిన నా కంచంలో మజ్జిగ పోసింది. నేను వద్దనలేదు. మా ఇంట్లో సంధి ఒప్పందాలు ఆ విధంగానే కుదురుతాయి.

తిరుపతికి బయలుదేరే ఉదయం, నేను అద్దం ముందు జడ వేసుకోబోతుండగా వదిన వచ్చి దువ్వెన అందుకున్నది.

"చేతులు పైకెత్తితే ఆయాసం వస్తాది నీకు. కూర్చో మే."

కూర్చున్నాను. ఆమె చిక్కులు తీసే పద్ధతి ఇంత మెత్తగా ఉంటుందని నేను ఊహించలేదు. కొసల నుంచి మొదలుపెట్టి పైకి వచ్చింది, ఒక్క వెంట్రుక కూడా లాగలేదు. జడ చాలదని చెప్పి, చుట్టి గట్టిగా కొప్పు పెట్టింది. "ఇది ఊడదు. ఎన్ని మిషన్లలో దూరినా ఊడదు," అన్నది. కొప్పు కొంచెం బరువుగా ఉన్నట్లు తోచింది. ఆమె చేతి బిగువు అనుకున్నాను.

ఆసుపత్రిలో స్కానింగు విభాగం ముందున్న హాలు పెద్దది. కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. ఘాట్ రోడ్డు మీద బస్సులు అగ్గిపెట్టెల వలె మలుపులు తిరుగుతుంటాయి. హాలులో సగం మందికి గుండ్లే. తలల మీద చందనం పూసినవారు కొందరు, పూయనివారు కొందరు. వారిలో ఎవరు కొండ దిగి వచ్చారో, ఎవరికి మందు వల్ల జుట్టు రాలిందో చెప్పడం అసాధ్యం. నా పక్కన కూర్చున్న ఆమెకు నలభై ఏళ్ళు ఉండవచ్చు. ఆమెదీ గుండే, పసుపచ్చని చందనంతో. నేను చూడకూడదనుకుంటూనే చూశాను.

"మొక్కా, మందా అని గదా మీకు అనుమానం?" అని ఆమే నవ్వింది. "అందురూ అట్లనే సూస్తారులేమ్మా. నాకు రెండూను. మందు ఎక్కిస్తే ఎట్లా రాలిపోతాదన్నారు. దాని చేతికి ఎందుకియ్యాల? అది తీసుకునే లోపల నేనే పొయ్యి స్వామికి ఇచ్చేస్తి."

"మంచి పని చేశారు," అన్నాను. మొక్కుల విషయంలో నా నోటి వెంట ఆ మాట వస్తుందని మాతో వచ్చిన వదిన అనుకోలేదు. చటుక్కున నా ముఖం వైపు చూసి, కొంగు సర్దుకున్నది. ఆ స్త్రీ తన సంచిలోంచి ఒక కమలాపండు తీసి నాకు ఇచ్చింది. పరీక్ష అయ్యేవరకు తినకూడదన్నాను. "అయినాక తినండి. తీపి యాడికీ పోదు," అన్నది.

లోపల నుంచి పిలుపు వచ్చింది. ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదు. గాజులు, కమ్మలు, మట్టెలు తీసి మా వారి చేతిలో పెట్టాను. మంగళసూత్రం దగ్గర వదిన నన్ను ఆపి, ముందుగానే సిద్ధం చేసి తెచ్చిన పసుపు తాడును, పసుపు కొమ్ము కట్టినదానిని, తమ్ముడి చేత నా మెడలో కట్టించింది. ఆ తరువాతే బంగారపు గొలుసును తీయనిచ్చింది. ఒక్క క్షణం కూడా మెడ ఖాళీగా ఉండలేదు. ఆ క్రమపాలన నాకు నచ్చింది. చెప్పలేదు.

స్కానింగు గది ముందు ఒక యువకుడు నన్ను వరుసగా ప్రశ్నించాడు. గుండెలో యంత్రం ఉందా, పళ్ళకు తీగ ఉందా, శరీరంలో ఎక్కడైనా లోహపు ముక్క ఉందా, దుస్తుల్లో పిన్నీసు ఉందా. ప్రతి ప్రశ్నకూ "లేదు" అని స్పష్టంగా సమాధానం చెప్పాను. "జుట్టులో?" అన్నాడు. "లేదు" అన్నాను. అతడు చేతిలోని చిన్న కడ్డీవంటి పరికరాన్ని నా చుట్టూ తిప్పాడు. తల వెనక్కు వచ్చేసరికి అది కీచుమన్నది.

మళ్ళీ తిప్పాడు. మళ్ళీ కీచుమన్నది.

"ఏమ్మా, లేదంటిరే? కొప్పులో ఏముండాది?"

"ఏమీ లేదు. మీ పరికరాన్ని పరీక్షించుకోండి," అన్నాను గట్టిగానే.

ఒక నర్సు వచ్చి కొప్పు విప్పింది. వెంట్రుకల మడతల్లోంచి ఆమె అరచేతిలోకి ఒక చిన్న మేకు జారింది. పాతది, చిటికెన వేలి కణుపంత. తుప్పు పట్టి గోధుమరంగు తిరిగింది.

ఆ యువకుడి ముఖం పాలిపోయింది. "లోపల అయస్కాంతం ఎప్పుడూ పని చేస్తానే ఉంటాదమ్మా! ఇది కొప్పులో ఉండంగా మీరు లోపలికి పోయుంటే బాణం మాదిరి లేచేది. మీ తలలోకే దిగి ఉండేది! ఎవురు పెట్టింది?"

తలుపు దగ్గర నిలబడి ఉన్న వదిన ముందుకు వచ్చింది. ఆమెను అంత చిన్నగా నేను ఏనాడూ చూడలేదు.

"నేనే నాయనా. ఇనుము దగ్గిరుంటే ఏ గాలీ తగలదని. తెలీక చేసినా."

"తెలీకనా? ముసలామెవు, బుద్ధి ఉండాల్నా వద్దా? మనిషిని సంపేదానికి వచ్చినావా ఈడికి?"

"ఆగండి," అన్నాను.

ఇది వ్రాయడానికి ముందు చాలాసార్లు ఆలోచించాను. ఆ యువకుడి కోపం న్యాయమైనదే. అతడి జాగ్రత్త వల్లనే నేను ఈ మాటలు వ్రాయగలుగుతున్నాను. అయినా ఆ క్షణంలో నా స్వరం నాకు తెలియకుండానే పాఠశాల వరండాలోకి వెళ్ళింది.

"మీరు చేసిన పని సరైనది. అందుకు కృతజ్ఞురాలిని. కానీ ఆమె మా వదిన. ఆమెకు తెలియనిదాన్ని తెలియజెప్పండి. గొంతు పెంచకండి. నాకు కీడు చేయడానికి వచ్చిన మనిషి ఇంత మెత్తగా తల దువ్వదు."

అతడు తల దించుకున్నాడు. నర్సు మేకును వదిన చేతిలో పెట్టి బయటికి తీసుకువెళ్ళమన్నది. వదిన కదలలేదు. దానిని చూస్తూ నాతో అన్నది:

"ఇది కొత్తది కాదు సరోజా. పద్మ పుట్టినప్పుడు నీకు పెట్టింది. నువ్వు జరంతో ఒళ్ళు తెలీకుండా పడుంటే నీ దిండు కింద పెడితి. ఆ పొద్దు బతికితివి గదా. అందుకే ఇన్నేండ్లూ పారెయ్యకుండా పెట్టుకోనుండా."

పద్మ మా ఒక్కగానొక్క కుమార్తె. ఇప్పుడు ఆమె పిల్లలే కళాశాలకు వెళుతున్నారు. కార్వేటినగరంలో ఆ కాన్పు, ఆ జ్వరం నాకు పొగమంచులో చూసినట్లుగా మాత్రమే గుర్తు. దిండు కింద ఏమున్నదో గుర్తు లేదు. ఆ మంచం పక్కన కూర్చుని ఎవరో నా తల దువ్వినట్లు మాత్రం గుర్తున్నది. అది మా అమ్మ అని ఇంతకాలం అనుకున్నాను.

లోపలికి పిలిచారు. వెళ్ళాను.

ఆ గొట్టంలో పడుకున్నప్పటి సంగతి చెప్పడానికి ఎక్కువ లేదు. సుత్తులతో రేకుల మీద కొడుతున్నట్లు చప్పుడు. చెవులకు దూది పెడతారు, అయినా వినబడుతుంది. ఊపిరి బిగబట్టమంటారు, వదలమంటారు. నాకు ఆజ్ఞలు ఇవ్వడం అలవాటు, పాటించడం కాదు. అయినా పాటించాను. విప్పిన జుట్టు మెడ కింద చిక్కుపడి గుచ్చుకుంటుంటే కార్వేటినగరంలోని ఆ మంచం మీదే ఉన్నట్లు తోచింది. భయం వేసింది. ఆ భయంలో ఒంటరితనం మాత్రం లేదు.

మధ్యాహ్నం ఇనుము ఎక్కించారు. సీసాలో అది నల్లబెల్లం పానకం రంగులో ఉన్నది. కొంచెం ఎక్కగానే నడుములో నొప్పి, ముఖం మీదికి వేడి వచ్చాయి. నర్సు వెంటనే ఆపి, వైద్యురాలిని పిలిచి, నా చేయి పట్టుకుని కూర్చున్నది. అది తగ్గిన తరువాత, మరింత నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టారు. మా వారు ఒక్క హాస్యోక్తి కూడా అనలేదు. వదిన మంచం కాళ్ళ దగ్గర స్టూలు మీద కూర్చుని, చుక్కలు పడడం చూస్తూ చూస్తూ హఠాత్తుగా అన్నది:

"ఇనుము తీసెయ్యమంటారు. తీసేసినాక ఇనుమే ఎక్కిస్తారు. ఏం మనుషులప్పా వీళ్ళు!"

మా వారికి నవ్వు ఆగలేదు. నర్సు కూడా నవ్వింది. వదిన ఆలోచనలో పడి, నెమ్మదిగా ముఖం విప్పింది.

"అయితే ఇప్పుడు ఇనుము నీ లోపలే ఉండాది గదా సరోజా. కొప్పులో అయితే పీకేసినారు. ఇప్పుడు ఎవురు పీకుతారో సూస్తా!"

నవ్వితే నడుము నొప్పి పుట్టింది. అయినా నవ్వాను. సాయంత్రం, ఇక తినవచ్చునన్న తరువాత, కమలాపండు ఒలిచి ముగ్గురం పంచుకున్నాము. ఆ పండు ఇచ్చినామె చెప్పినట్లే, తీపి ఎక్కడికీ పోలేదు.

మరునాడు రెండవ స్కానింగు. అదే యువకుడు. వదిన అతడి ముందు నిలబడి, రెండు అరచేతులూ తెరిచి చూపి, తన కొంగు కూడా దులిపింది. "సూసుకో నాయనా. ఏమీ లేదు. ఈ పొద్దు జడ కూడా నేనెయ్యలా."

"నిన్న కోపంలో అనేస్తి అవ్వా. మనసులో పెట్టుకోవద్దు," అన్నాడతడు. పరీక్ష అయిన తరువాత మా ముగ్గురికీ కాఫీ తెప్పించాడు. వదిన అతడి ఊరు, తల్లి పేరు, పెళ్ళి సంగతి అన్నీ కనుక్కున్నది.

చిత్రాలు చూసి చెప్పడానికి కొంత సమయం కావాలన్నారు. అదే హాలు, అదే కిటికీ. మా వారు బంగారపు గొలుసును జేబులో గుప్పిట పట్టుకుని కూర్చున్నారు. ఎదురుచూడడాన్ని గురించి నేను ఒక్కటే చెప్పగలను. అందులో గంటలు ఉండవు, తలుపు చప్పుళ్ళు మాత్రమే ఉంటాయి. ప్రతి చప్పుడుకూ మేము ముగ్గురం కలిసి తలెత్తేవాళ్ళం. వదిన పెదవులు కదులుతున్నాయి. ఏమి మొక్కుకుంటున్నదో నేను అడగలేదు. ఆపనూ లేదు.

వైద్యురాలు పిలిచి, తెర మీద రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టింది. మొదటిదానిలో కాలేయం బూడిదరంగులో ఉంది. దానిలో మచ్చ వేరుగా, లేతగా కనిపిస్తున్నది. రెండవదానిలో కాలేయమంతా చీకటి. మచ్చ కోసం వెదికాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ వెదికాను.

"ఎక్కడుంది?" అన్నాను.

"అదేనమ్మా సంగతి. కనబడడం లేదు. నల్లబడిపోయింది. మచ్చ కూడా ఇనుమును మింగింది. అది మీ కాలేయంలో భాగమే. జాగ్రత్త కోసం కొన్ని నెలల తరువాత మళ్ళీ చూద్దాం. ఈ రోజుకు మాత్రం సూది అవసరం లేదు."

మా వారు కుర్చీలోంచి లేచి తలుపు తీసి, హాలులో ఉన్న అక్క వైపు, "నల్లబడిందే అక్కా! నల్లబడింది!" అని కేక వేశారు. ఆసుపత్రిలో కేకలు వేయకూడదు. ఆ మాట నేను అనవలసింది. అనకుండా, తెర మీద మచ్చ కోసం మరొకసారి వెదికాను. ఏ సంగతో తెలియకపోయినా, హాలులోని గుండు తలలన్నీ మా వైపు తిరిగి నవ్వాయి.

వదిన లోపలికి వచ్చి ఆ చిత్రంలో నల్లబడిన కాలేయాన్ని చాలాసేపు చూసింది. "పసిబిడ్డకి బుగ్గన దిష్టిచుక్క పెడతామే, అట్ల ఉండాదమ్మా," అని వైద్యురాలికి వివరించింది. వైద్యురాలు ఒప్పుకున్నది.

హాలు చివర కిటికీ దగ్గర మా వారు నా మెడలో గొలుసు వేశారు. కొక్కెం ఒక పట్టాన పడలేదు. వదిన నోటితోనే గట్టిమేళం వాయించింది. "ఈసారన్నా నా మాట వింటావా టీచరమ్మా?" అని ఆయన అడిగారు. ఆలోచిస్తానన్నాను.

అక్టోబరు

చలి మొదలయ్యే ముందు మళ్ళీ తిరుపతికి వెళ్ళాము. మచ్చ పెరగలేదు, మారలేదు. రక్తం కొంత పట్టింది. మేడమెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. మూత్రపిండాలు ఎప్పటివలెనే ఉన్నాయి. వాటితో సర్దుకుని బ్రతకాలి.

నావంటివారికి మూడు మాటలు చెబుతాను. మీ మూత్రపిండాల సంగతి స్కానింగుకు ముందే చెప్పండి, వారు అడిగేవరకు ఆగకండి. ఎప్పుడైనా ఇనుము ఎక్కించుకుని ఉంటే అదీ చెప్పండి. అది కొన్ని నెలలపాటు లోపల నిలిచి చిత్రాల రంగును మార్చగలదట. ఇక మూడవది, మిమ్మల్ని ప్రేమించేవారు మీ తల దువ్వితే, లోపలికి వెళ్ళే ముందు కొప్పును ఒకసారి తడిమి చూసుకోండి.

వదిన కార్వేటినగరానికి వెళ్ళి చాలా రోజులైంది. మిరియాల డబ్బాలో మిరియాలు, మెంతుల డబ్బాలో మెంతులు మళ్ళీ చేరాయి. వెళ్ళేనాడు బస్సు ఎక్కుతూ, "మేకుని పారేసినాలే సరోజా, ఇంక నీకు బెంగ వద్దు," అన్నది. ఆమె అబద్ధం చెప్పేటప్పుడు కుడిచేతి గాజులు సర్దుకుంటుంది. అది నాకు పెళ్ళినాటి నుంచి తెలుసు.

నేను ప్రతి ఉదయం పక్క సర్దుతాను. దుప్పటి మడతలు నాలుగు వైపులా సమానంగా ఉండాలి, దిండు గోడకు సమాంతరంగా ఉండాలి. ఇది మా ఇంట్లో ఏనాటి నుంచో ఉన్న నియమం. ఆమె బస్సెక్కిన మరునాడు దిండు ఎత్తితే కింద మేకు ఉన్నది. దానిని తీసి కిటికీలో పెట్టాను. దుప్పటి దులిపి, అంచులు సరిచేసి, దిండు గలీబు మార్చాను. తరువాత మేకును తిరిగి తీసుకుని, ఉన్నచోటనే, దిండుకు సరిగ్గా నడుమ వచ్చేటట్లు పెట్టాను.

అప్పటి నుంచి ప్రతి ఉదయం అదే చేస్తున్నాను.